కథల మండీ: ఓబులమ్మ చావనంది

పోయిన వారం సబాను మనం ఆదోని బస్టాండులో, ఎమ్మిగనూరు బస్సు తలుపు దగ్గరి తోపులాటలో వదిలిపెట్టాం. ఆమెకు సీటు దొరికింది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, కిటికీ అద్దం పక్కకు జరిపి, తన నెత్తిన పడ్డ చిక్కును మొదటినుంచీ ఒకసారి తలుచుకుంది. ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళు కూడా ఆమె పక్కన సర్దుకుని కూర్చోవచ్చు.

సబా రచయితల ఏజెంటు. ఒకరు రాసింది చదివి, దానికి తగిన ప్రచురణకర్తను వెతికి, ఒప్పందం కుదిర్చి, రచయితకు వచ్చేదాంట్లో చిన్న వాటా తీసుకోవడం ఆమె వృత్తి. బెంగుళూరులో ఒక ఏజెన్సీలో ఇంగ్లీషు పుస్తకాలకు ఆ పని చేసింది. తెలుగులో ఎవరూ చెయ్యడం లేదు కదా అని ఆదోనికి తిరిగి వచ్చింది. ఎందుకు చెయ్యడం లేదో వచ్చాక తెలిసింది. ఇక్కడ చాలామంది రచయితలు తమ పుస్తకం తామే అచ్చు వేయించుకుని, ఆవిష్కరణ సభలో తామే పంచిపెట్టి, మిగిలిన కట్టలు మంచం కింద పెట్టుకుంటారు. మధ్యలో ఏజెంటుకు చోటెక్కడిది? తండ్రి ఖాదర్ వలి పత్తి మండీ మేడ మీద గదిలో ‘లిటరరీ ఏజెంట్’ అని బోర్డు పెడితే, రెండో మాట మాత్రమే చదివినవాళ్ళు పాలసీ కట్టడానికి వచ్చారు, కొడుక్కి సంబంధం చూడమని వచ్చారు, గల్ఫు వీసా సంగతి అడగడానికి వచ్చారు. రాసినది చేతపట్టుకుని మెట్లెక్కినవాడు కుమారస్వామి ఒక్కడే.

కుమారస్వామిది ఎమ్మిగనూరు. నేతపని ఇల్లు. బస్టాండు దగ్గర తువ్వాళ్ళు, దుప్పట్లు అమ్మే అంగడి నడుపుతాడు. గిరాకీ లేని వేళల్లో కూర్చుని ‘అడ్డపోగు’ అనే నవల రాశాడు. అందులో ఓబులమ్మ అనే అత్త ఉంటుంది. అల్లుడు అన్నం తింటే తిన్నాడని, తినకపోతే తినలేదని సాధించే అత్త. హైదరాబాదులోని ఒక ప్రచురణ సంస్థకు నవల నచ్చింది. పుస్తకంగానూ ఆడియోగానూ తెస్తామన్నారు. ఈలోగా ఒక పత్రికలో ఓబులమ్మ కథ కొంత అచ్చయింది. అది చదివి వీధి వీధంతా ఓబులమ్మ అంటే కుమారస్వామి సొంత అత్త సుంకులమ్మే అని తేల్చేసింది. సంగతి హైదరాబాదు చేరి, సంస్థ లాయరు మెలిక పెట్టాడు. తనకే అభ్యంతరమూ లేదని ఆ పెద్దామె వీడియోలో చెప్పాలి. చెప్పకపోతే పుస్తకం ప్రెస్సుకు పోదు.

దానికి సుంకులమ్మ పంపిన జవాబు దగ్గరే పోయిన వారం ఆగాం. బేస్తవారం ఏజెంటు పాపను రమ్మనండి, మాట్లాడుకుందాం. అల్లునికి ఏజెంటు ఉన్నప్పుడు నాకెందుకు ఉండకూడదు, నేనూ ఒక ఏజెంటును పెట్టుకున్నాను అని.

ఎవరా ఏజెంటు? బస్సు కదిలినప్పటినుంచీ సబా అదే ఆలోచిస్తోంది. కర్నూలు నుంచి లాయరును పిలిపించి ఉండవచ్చు. లేదా బెంగుళూరులో తనతో పనిచేసినవాళ్ళెవరికైనా ఈ సంగతి తెలిసిందా? అటువంటివాళ్ళు ఎమ్మిగనూరు దాకా రారులే అని సర్దిచెప్పుకుంది. కాని పనులు మారిపోతున్న కాలంలో ఎవరు ఎక్కడికి వస్తారో చెప్పలేం. తాను ఉద్యోగంలో చేరినప్పుడు ఏజెంటు పని చదవడం, అమ్మడం. చూస్తూండగానే రాతప్రతి దిద్దడం కూడా ఏజెంటు మీదే పడింది. తర్వాత ప్రచారం పడింది. ఆడియో హక్కులు, సినిమా హక్కులు, గొంతును యంత్రం చేత పలికించే హక్కులు వచ్చాయి. రచయితకు ఫోటో తీయించడం, మైకు ముందు వణకకుండా నేర్పించడం వచ్చాయి. ఇప్పుడు అత్తా అల్లుళ్ళ పంచాయితీ కూడా ఏజెంటుకే వచ్చింది. దీనికి బెంగుళూరులో ఎవరూ శిక్షణ ఇవ్వలేదు.

ఎమ్మిగనూరులో దిగేసరికి కుమారస్వామి ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. పత్రికలో ఆ భాగం వచ్చినప్పటినుంచీ ఇంట్లో సుంకులమ్మ తనను ఒక్క మాట కూడా అనడం లేదని, అదే భయంగా ఉందని చెప్పాడు. తిట్టే మనిషి తిట్టకపోతే అన్నం దిగడం లేదట. హోటల్లో తింటున్నాడట. అత్త పెట్టుకున్న ఏజెంటు ఎవరని సబా అడిగింది. అతను చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, ఇంట్లోనే ఉన్నాడు మీరే చూద్దురు పదండి అని ముందుకు నడిచాడు.

ముందుగదిలో గుంట మగ్గం. దాని పక్కన ఇద్దరు పట్టే చోటులో సుంకులమ్మ నులకమంచం వేసుకుని కూర్చుంది. సన్నటి మనిషి, పెద్ద ముక్కుపుడక. గంజి పెట్టిన నేతచీర కట్టుకుంది, కోర్టుకు పోయేదానిలాగ. ఆమె ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో, గుమ్మానికి వీపు పెట్టి ఒక పెద్దమనిషి కూర్చుని సాసరులో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు. తెల్ల లాల్చీ, భుజం మీద తువ్వాలు, తల మీద అల్లికటోపీ.

ఆ టోపీ అల్లింది సబా తల్లి జొహరాబీ.

“అబ్బా?” అంది సబా.

ఖాదర్ వలి సాసరు కింద పెట్టి, మీసం తుడుచుకుని, వెనక్కి తిరిగాడు. కూతురిని చూసి ముఖంలో ఏ మార్పూ లేదు. పత్తి యార్డులో కొనడానికి వచ్చిన మిల్లు మనిషిని పలకరించినట్టు పలకరించాడు.

“రాండమ్మా, కూర్చోండి. పార్టీ తరఫున నేను మాట్లాడతా.”

తండ్రి తనను ‘మీరు’ అనడం సబా పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. చిప్పగిరి వైపు పత్తి చూడటానికి పోతున్నానని చెప్పి ముందురోజు ఇంటినుంచి బయల్దేరిన మనిషి అతను. ఆ మాటే అడిగింది. ఖాదర్ వలి శాంతంగా, చిప్పగిరికి పోయిన మాట నిజమేనని, సుంకులమ్మ పుట్టిల్లు ఆ పక్క పల్లెలోనే కాబట్టి పార్టీ వివరాలు కనుక్కుని ఇటు వచ్చానని చెప్పాడు.

సుంకులమ్మ తండ్రి బతికున్నంత కాలం తన పత్తి ఖాదర్ వలి మండీకే తోలేవాడట. తూకంలోనూ మాటలోనూ మోసం లేని మనిషని ఇంట్లో చెప్పేవాడట. ఏజెంటు అన్న మాట వినగానే ఆమెకు గుర్తుకొచ్చిన మనిషి, రైతుల పత్తి మిల్లులకు అమ్మిపెట్టే ఈ కమిషన్ ఏజెంటు ఒక్కడే. ఫోను చేయించి, సాబూ, మా అల్లుడు నన్ను పుస్తకంలో పెట్టి అమ్ముతున్నాడు, నా తరఫున నిలబడతావా అని అడిగింది. అల్లుడి తరఫున ఏజెంటు ఎవరో కనుక్కున్నాక కూడా ఖాదర్ వలి ఒప్పుకున్నాడు.

సబాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఈ మనిషి తన బోర్డు కింద నుంచి రోజూ పోతూ ఒక్కసారి కూడా పైకి చూడలేదు. అడిగినవాళ్ళకు మా అమ్మాయి కంప్యూటరు పని చేస్తోందని చెప్తాడు. ఇప్పుడు తన వృత్తిలోకే వచ్చి తనకెదురుగా కూర్చున్నాడు. ఆమె గొంతు సవరించుకుని, ఇది పత్తి కాదని, నవల గురించి మాట్లాడాలంటే ముందు నవల చదివి ఉండాలని మర్యాదగానే అంది.

“మాల్ సూడకుండా నేనెప్పుడన్నా బేరానికి కూర్చుంటినా?” అన్నాడు ఖాదర్ వలి.

చదివాడు. సబా గదిలో మూలన పడేసిన పాత ప్రింటు కాగితాలు మాయమైతే పొట్లాలకు పోయాయనుకుంది ఆమె. అవి కింద గల్లాపెట్టె వెనక చేరాయి. బడిలో నేర్చుకున్న తెలుగుతో, పెదవులు కదుపుతూ, ఒక్కో పేజీ చదివాడు. మొదట తన పద్ధతిలోనే చూశాడట. పత్తి నింపిన బోరెం సంచిలో పైనుంచి కొంచెం, నడుమ కొంచెం, అడుగున కొంచెం పీకి చూసినట్టు, నవల మొదలూ మధ్యా చివరా చదివాడు. మధ్యలో పెళ్ళికూతురు ఎవరో, చివర ఏడ్చేది ఎవరో తెలియలేదు. ఇది అట్ల సూసే మాల్ కాదని తెలిసి మళ్ళీ మొదటినుంచి పట్టాడు. నాలుగో అధ్యాయంలో పత్తి రేటు తప్పుగా రాశారని కూడా ఒక మాట అన్నాడు. అది కొత్త లెక్కల ప్రకారం సరైనదేనని కుమారస్వామి నెమ్మదిగా చెప్తే, అయితే సరే అని ఊరుకున్నాడు.

తన తండ్రి తెలుగు నవల మొత్తం చదివాడన్న సంగతి సబాకు కొంచెంసేపు మింగుడు పడలేదు. ఆ సందులో సుంకులమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది.

“గయ్యాళి అని రాసినాడు. రాయనీ. నేను గయ్యాళిని కాదంటే ఈ వీధిలో ఎవరూ నమ్మరు. పాల చెంబు దాచిపెడతానని రాసినాడు. దాచిపెట్టినా. పండక్కి అల్లునికి పాత పంచె ఇస్తినని రాసినాడు. అది పాతది కాదు, మడత పాతది. అది గూడ పోనీ.” ఆమె ఆగి అల్లుడి వైపు చూసింది. కుమారస్వామి మగ్గం పడుగు వైపు చూశాడు. “అయితే ఏమప్పా, చివరికి బజ్జీ గొంతులో ఇరుక్కోని సచ్చిపోతానా నేను? ఉగ్గాని, బజ్జీ చిన్నప్పటినుంచీ తింటాండా. నాకి నమిలేది తెల్దా?”

నవల పద్దెనిమిదో అధ్యాయంలో ఓబులమ్మ మిరపకాయ బజ్జీ కొరుకుతూ అల్లుణ్ణి తిట్టబోయి, బజ్జీ అడ్డంపడి ప్రాణం విడుస్తుంది. హైదరాబాదు వాళ్ళు పడీపడీ నవ్విన చోటు అదే. ఆడియోలో ఆ ఘట్టానికి ప్రత్యేకంగా చప్పుళ్ళు చేర్చాలని కూడా అనుకుంటున్నారు. వీధిలో సంగతి వేరే విధంగా ఉంది. బజ్జీల బండి దగ్గర సుంకులమ్మ నిలబడితే పక్కవాళ్ళు మంచినీళ్ళు చేతికి అందిస్తున్నారట. ఎదురింటి సుధ అయితే, ఇంత పెద్ద పుస్తకంలో మమ్మల్ని ఒక్క మాటన్నా రాయలేదేమని ఇంకో రకంగా అలిగి కూర్చుందట.

ఖాదర్ వలి తన పార్టీ షరతు చెప్పాడు. ఓబులమ్మ చావకూడదు. చంపక తప్పదంటే బజ్జీతో చంపకూడదు.

సబా వాదించింది. బాగానే వాదించింది. పద్దెనిమిది అధ్యాయాలు చదివినవాడికి ఓబులమ్మ మీద కోపం పేరుకుని ఉంటుంది. ఆ కోపానికి ఒక దారి చూపించకపోతే పుస్తకం మూసేటప్పుడు చప్పగా ఉంటుంది. నవ్వుతూ పోవడం వల్లే ఆ పాత్ర గుర్తుంటుంది. ఇది సుంకులమ్మగారి చావు కానే కాదు, ఓబులమ్మది. ఇంకా ఏదో చెప్పబోతూంటే ఖాదర్ వలి చెయ్యెత్తి ఆపాడు.

“ఒగటి సెప్పండమ్మా. సంపాలన్న ఆలోచన రాసినాయనదా, మీదా?”

వెనకగది గుమ్మంలో నిలబడి వింటున్న అరుణకుమారి, అంటే కుమారస్వామి భార్య, మొగుడి ముఖంలోకి చూసింది. అతను రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని, నేల చూపులు చూస్తూ నిజం చెప్పేశాడు. తాను మొదట రాసినప్పుడు ఓబులమ్మ చావలేదు. ఇంకో అధ్యాయం కూడా ఉండేది, ఆసుపత్రి అధ్యాయం. మేడం అది తీసెయ్యమంది. తీసేశాక కథ ఎటూ తేలక నిలబడిపోతే, ఓబులమ్మను చంపుదామని కూడా మేడమే అంది. బజ్జీ మాత్రం తన సొంతం.

సబా చెవులు వేడెక్కాయి. అది దాచిన సంగతి కాదు. ఇప్పుడు ఏజెంట్లు చేసే పనే అది. రాతప్రతి చేతికి రాగానే ఎక్కడ బిగించాలో, ఎక్కడ కత్తిరించాలో చెప్తారు. చెప్పకపోతే ప్రచురణ సంస్థలో దిద్దే మనుషులు ఇప్పుడు అంతమంది లేరు. ఆసుపత్రి అధ్యాయం చదివితే ఓబులమ్మ మీద ఎవరికీ కోపం రాదని, కోపం రాకపోతే కథకు పట్టు ఉండదని ఆమె ఎంతో ఆలోచించే చెప్పింది. కాని ఆ మనిషి ముందు కూర్చుని చెప్పలేదు.

ఏమి ఆసుపత్రి అని సుంకులమ్మ అడిగింది.

కుమారస్వామి చెప్పడానికి చాలాసేపు పట్టింది. పెళ్ళైన కొత్తలో తనకు విషజ్వరం వచ్చింది. కర్నూలు ఆసుపత్రిలో పడేశారు. అరుణకుమారి అప్పుడు పురిటి మనిషి. తోడుగా అత్త వచ్చింది. వచ్చినప్పటినుంచీ మంచం పక్కన నేల మీద కూర్చుని ఎడతెరిపి లేకుండా తిట్టింది. మగ్గం మీద కూర్చునే తీరు తిట్టింది, తల దువ్వుకునే తీరు తిట్టింది, వాళ్ళ తాతను తిట్టింది. పక్క మంచాలవాళ్ళు వద్దమ్మా అని దండం పెట్టారు. నర్సు కసిరింది. ఆమె ఆపలేదు. జ్వరంలో నిద్రపోయినవాడు మళ్ళీ లేవడేమోనని ఆమెకు భయం. ఎవరో అట్లా పోయినారని ఎక్కడో విన్నది. అల్లుడు కళ్ళు మూస్తే చాలు, గొంతు పెంచేది. తెల్లవారి డాక్టరు వచ్చి జ్వరం దిగిందని చెప్పాక, ఆమె ఆ నేల మీదే ముడుచుకుని పడుకుని సాయంత్రం దాకా లేవలేదు.

ఇదీ ఆ అధ్యాయం. రాసిన పేజీలు ఇప్పుడు లేకపోయినా అతనికి మాటకు మాట గుర్తున్నట్టుంది. చెప్పడం అయ్యాక తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

సుంకులమ్మ ముక్కుపుడక సరిచేసుకుంది. ఆమె గొంతు చాలా చిన్నగా వచ్చింది.

“నేనేంటికి తిడతాంటినో నీకి తెలుసునా?”

“తెలుసు అత్తా.”

“నిద్రపోతాండావనుకుంటి.”

“నువ్వు తిడతాంటే యాడ నిద్ర పోయేది?”

గుమ్మంలో అరుణకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో తెలియలేదు. ఖాదర్ వలి చల్లారిన టీ సాసరు మళ్ళీ చేతిలోకి తీసుకుని దానివైపే చూస్తూ కూర్చున్నాడు. బేరం మధ్యలో ఏజెంటు కళ్ళు తడి కావడం మంచిది కాదని ఆయన అభిప్రాయం.

సబా చాలా పుస్తకాలు దిద్దింది. తీసేసిన పేజీలో మనిషి ఉన్నదని ఎదురుగా కూర్చోబెట్టి చూపించినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఆమె తనది పొరపాటేనని చెప్పింది. ఆసుపత్రి అధ్యాయం తిరిగి పెడదామంది. అంతటితో తేలిపోయిందనుకుంటే సుంకులమ్మ అడ్డం తిరిగింది. ఆ అధ్యాయం ఉంటే చాలు, తర్వాత చంపితే చంపుకోండి, బజ్జీతో కాకుండా ఇంకేదన్నా మంచి చావు చూడండి అంది. అక్కడినుంచి ఇద్దరు ఏజెంట్లూ ఓబులమ్మకు తగిన చావు వెతకడంలో పడ్డారు. సబా గుండెపోటు అంది. అది అందరికీ వచ్చేదే, మా పార్టీకి ఒక గౌరవం ఉండాలి అన్నాడు ఖాదర్ వలి. తీర్థయాత్రలో పోతే పుణ్యం, పేరు రెండూ వస్తాయన్నాడు. యాత్రకు కథలో చోటు లేదంది సబా. తండ్రి కొంచెం దిగి, పోనీ పాము కరిచినట్టు రాయమన్నాడు. పాము ఏ అధ్యాయంలోనూ కనిపించకుండా హఠాత్తుగా ఎక్కడినుంచి వస్తుందని కూతురు నిలదీసింది. ఇద్దరి గొంతులూ ఒకే తీరుగా లేస్తున్నాయి, ఇద్దరూ ఒకే తీరుగా చూపుడువేలు ఆడిస్తున్నారు. అది చూసి అరుణకుమారికి నవ్వు ఆగలేదు.

“ఓబులమ్మ సావదు,” అన్నాడు కుమారస్వామి.

ఇద్దరూ ఆగి అతనివైపు తిరిగారు. అతను లేచి నిలబడి ఉన్నాడు. మేడ మెట్లెక్కి వచ్చిన మొదటిరోజు నుంచీ సబా ఏం చెప్తే దానికి తలూపిన మనిషి.

“మీరిద్దరూ ఎంతసేపైనా కొట్లాడండి. రాసేది నేను. సావదంటే సావదు. చివర్లో అల్లుడు బజ్జీలు తెస్తాడు, ఇద్దరూ తింటారు. తింటాంటే ఆమె తిడతాంటాది. అంతే కథ.”

సబా ఒక్క క్షణం ఆ ముగింపును మనసులో చదివి చూసుకుంది. తాను సూచించినదానికంటే అది బాగుంది. ఆ మాట పైకే అంది. ఖాదర్ వలి తన పార్టీ వైపు చూశాడు. సుంకులమ్మ కాసేపు బిగదీసుకుని కూర్చుని, బజ్జీలు ఏ బండి మీదివో కూడా రాయమను అని ఒప్పుకుంది.

మిగిలింది వీడియో. సుంకులమ్మ మంచం మీద సర్దుకుని కూర్చుంది. అరుణకుమారి వచ్చి, ఎవరూ చెప్పకముందే కిటికీ తలుపు తెరిచి వెలుతురు చూసుకుని, మగ్గం చప్పుడు వినపడకుండా పక్కింటివాళ్ళకు కేకేసి చెప్పి, ఫోను రెండు చేతులా పట్టుకుంది. సబా ఒక్క వాక్యం నేర్పించింది. నవలలోని పాత్ర విషయంలో నాకే అభ్యంతరమూ లేదు, అంతే. సుంకులమ్మ ఆ వాక్యం చెప్పి ఆగలేదు. కొత్త పంచె, పాత మడత సంగతి చెప్పింది. పాల చెంబు ఎందుకు దాచేదో చెప్పింది. ఫోను వైపు సూటిగా చూస్తూ, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గిస్తూ చెప్పింది. మైకు ముందు కుమారస్వామికి వణుకు పోగొట్టడానికి నెలంతా తంటాలు పడిన సబాకు ఆశ్చర్యమేసింది. ఈమెకు ఇది మొదటిసారి కాదేమో అనిపించింది. ఆ అనుమానాన్ని అక్కడే వదిలేసి, వీడియో హైదరాబాదుకు పంపింది.

అరుణకుమారి అందరికీ మళ్ళీ టీ పెట్టింది. కుమారస్వామి తన సాసరు తీసుకుని చాలా రోజుల తర్వాత ఇంట్లో కూర్చుని తాగాడు. సుంకులమ్మ అది చూసి, సప్పుడు సేయకుండా తాగేది రాదా అని అంది. అతని ముఖం విప్పారింది.

టీ అవుతూండగానే ఫోను మోగింది. ప్రచురణ సంస్థలో పుస్తకాలు ఎంపిక చేసే లోకేష్. శుభవార్త అందరూ వింటారని సబా స్పీకరు పెట్టింది.

లోకేష్ మాటల్లో ఉత్సాహం పొంగిపోతోంది. మీటింగులో ఉన్నామని, వీడియో ఇప్పుడే అందరూ చూశారని చెప్పాడు. “ఈ గొంతు వినగానే గుర్తుపట్టాం సబా గారూ. మీ నాన్నగారు పంపిన రికార్డింగులో గొంతు ఇదే కదా.”

ఏ రికార్డింగు అని సబా అడిగింది. అడుగుతూనే తండ్రి వైపు చూసింది. ఖాదర్ వలి గోడ మీది క్యాలెండరులో తిథి చూస్తున్నాడు.

లోకేష్ చెప్పుకుపోయాడు. కండెలు చుట్టుకుంటూ ఆ పెద్దామె తన కథ తానే చెప్పిన రికార్డింగులు వారం కిందట ఖాదర్ వలి గారి పేరు మీద వచ్చాయట. వెనకాల రాట్నం చప్పుడు, మధ్యమధ్య ఎవరో అమ్మాయి నవ్వు. ఆఫీసంతా పని మానేసి విన్నదట. ఇప్పుడు జనం చదివేదానికంటే వినేది ఎక్కువ, ఇటువంటి గొంతు వెతికినా దొరకదు అన్నాడు. “అల్లుడు రాసిన అత్తకంటే అత్త చెప్పిన అల్లుడు బాగున్నాడండీ. ఈ సీజనుకు మాకున్నది ఒక్క చోటే. అది ఈమెకు ఇద్దామనుకుంటున్నాం. కుమారస్వామి గారి నవల తర్వాత ఎప్పుడైనా చూద్దాం. మీరూ నాన్నగారూ మాట్లాడుకుని ఇప్పుడే చెప్పెయ్యండి. లైనులోనే ఉంటాను.”

కుమారస్వామి చేతిలో సాసరు వంగి టీ నేల మీద ఒలికింది. అతను గమనించకుండానే లేచి నిలబడ్డాడు. అరుణకుమారి తలుపు వెనక్కి సగం జరిగింది. రికార్డు చేసింది ఎవరో, నవ్విన అమ్మాయి ఎవరో ఇప్పుడు ఎవరూ అడగనక్కరలేదు.

సబా ఫోను మైకును వేలితో నొక్కి, తండ్రితో చాలా నెమ్మదిగా మాట్లాడింది. తాను కుదిర్చిన బేరం చోటికే ఇంకో మాల్ ఎందుకు పంపారని అడిగింది. ఖాదర్ వలికి అందులో తప్పేమీ కనిపించలేదు. తన రైతు దగ్గర మంచి మాల్ ఉంది. మంచివాడని కూతురే చెప్పిన కొనుగోలుదారుకు చూపించాడు. యార్డులో ఒకే మిల్లుకు ఎంతమంది మాలైనా చూపించవచ్చు. మిల్లువాడు ఒకటి కొనడానికి ఇంకొకటి తోసేస్తాడని ఆయన అనుకోలేదు.

సుంకులమ్మ మంచం దిగింది. ఆమెకు ఫోనులో మాట సగమే అర్థమైంది. ఆ సగం చాలింది.

“సాబూ, నా కథ గూడ ఎవరన్నా వింటారేమో సూడమంటి. అల్లునిది తోసేసి నాది పెట్టమంటినా?”

“లేదమ్మా,” అన్నాడు ఖాదర్ వలి. ఆయన ముఖంలో మొదటిసారి తడబాటు కనిపించింది.

ఫోనులోంచి లోకేష్ హలో హలో అంటున్నాడు. ఒప్పుకుంటే కుమారస్వామి ఏళ్ళ కష్టం పక్కన పడుతుంది. కాదంటే సుంకులమ్మ గొంతు ఈ ముందుగది దాటదు. ఇద్దరిదీ తీసుకుంటేనే అని పట్టుబడితే, రెండూ వద్దని పెట్టేసే హక్కు వాళ్ళకుంది. తెలుగులో సబా మాటకు తలుపు తెరిచిన సంస్థ అదొక్కటే.

ఖాదర్ వలి కుర్చీ కూతురి పక్కకు లాక్కున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి తన కుడిచేతి మీద కప్పుకుని, ఆ చేతిని ఆమె ముందుకు చాపాడు.

ఇప్పుడు యార్డులో బేరాలన్నీ కంప్యూటరులోనే జరుగుతాయి. పాతకాలంలో చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకుండా ఇద్దరు బేరగాళ్ళు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్ళు. చిన్నప్పుడు సబా పత్తి గుట్టల మీద కూర్చుని తండ్రి అట్లా చేస్తూంటే చూసేది. ఏ వేలుకు ఏ అర్థమో ఆయన చెప్పాడు గాని, ఎన్నిసార్లు అడిగినా ఆ తువ్వాలు కింద చెయ్యి మాత్రం పెట్టనివ్వలేదు. అది వ్యాపారుల మధ్య సంగతి అనేవాడు.

సబా చెయ్యి లోపల పెట్టింది.

వేళ్ళ కోసం తడిమింది. వేళ్ళు లేవు. తండ్రి చెయ్యి గట్టిగా పిడికిలి బిగించి ఉంది. మండీలో పిడికిలికి ఒకటే అర్థం. ధర కుదరదు, మాల్ ఎత్తుకుని లేచిపోదాం పద.

రెండు మాల్‌లూనా? ఆమె తండ్రి కళ్ళలోకి చూసింది. ఆయన రెప్ప వెయ్యలేదు. ఆయన ఎవరి ఏజెంటుగా చెప్తున్నాడో, సుంకులమ్మకా, కుమారస్వామికా, తనకా, ఆ కళ్ళలో తెలియలేదు. ఎదురుగా కుమారస్వామి ఒలికిన టీలో కాలు పెట్టుకుని నిలబడి ఆమె నోటివైపే చూస్తున్నాడు.

సబా తువ్వాలు కింది చెయ్యి తీయకుండానే, రెండో చేత్తో ఫోను దగ్గరికి తీసుకుంది.

“లోకేష్ గారూ,” అంది, “మేమిద్దరం ఒక మాట అనుకున్నాం.”